మూడో పేజీ

లింగియాడీహ్, బిలాస్‌పూర్
ఆగస్టు, సోమవారం

చిరంజీవి స్వాతికి,

మీ నాన్న మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, మీ అమ్మ మోకాళ్ళూ నా నోరూ తప్ప. మోకాళ్ళకి రైల్వే ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. నోటికి మాత్రం మందు లేదని మీ అమ్మ అంటోంది. నాగ్‌పూర్‌లో నువ్వు వేళకి తిని, ఒంట్లో బాగుండి, ల్యాబులో పని సాఫీగా సాగుతోందని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటన్నట్టు పోస్ట్‌మాన్ నా మొహం వంక చూశాడు. ఫోన్లో అయితే మనిద్దరం రెండో నిమిషానికల్లా కేకలేసుకుంటామని, అందుకే రాస్తున్నానని అన్నావు. మంచి పని చేశావు. కూడబలుక్కుని తెలుగు రాశావు, మధ్యమధ్య హిందీలోకి దూకావు, అయినా ప్రతి అక్షరం చదివాను. నువ్వు సులువుగా చదవాలని నేనూ లావు అక్షరాలతో రాస్తున్నాను. అందుకే ఇన్ని కాగితాలయ్యాయి, బెంబేలు పడకు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మ ఇంకా నీళ్ళు కాచి తాగుతోందా అని అడిగావు. లేదమ్మా. కాస్తే ఫ్లోరైడు పోదు సరికదా, నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుందని నువ్వు చెప్పిన మర్నాడే ఆ గిన్నెని అటకెక్కించింది. నీ స్కూటీని వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాను, బ్యాటరీ బాగుంది. సన్యాసిరావు మావయ్య ఇంకా నన్ను తిడుతున్నాడా అన్నావు. తిట్టడం లేదు. ఎందుకు లేదో కింద వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఏమీ తెలియనివాళ్ళకీ, తెలిసినవాళ్ళ మాట విననివాళ్ళకీ కూడా ఓటుంటే ప్రజాస్వామ్యం ఎలా నిలబడుతుంది, కనీసం పదో తరగతి పాసైనవాళ్ళకే ఓటుండాలి అని రాశావు. ఆ కోపం నీకు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మన సందు చివర రేకుల షెడ్డులో, మే నెల ఆదివారం పుట్టింది. ఆ మీటింగు నీకు గుర్తు చెయ్యక్కర్లేదు గానీ, నా వైపు నుంచి ఒకసారి రాయనీ.

నలభై మూడు ఇళ్ళు మనవి. రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసి వచ్చినవాళ్ళం, సగానికి పైగా శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల నాడు రైల్వే కోసం ఇక్కడికొచ్చిన కుటుంబాలు. సందు కమిటీ ప్రెసిడెంటుగా పదకొండేళ్ళ కిందట నేను వేయించిన బోరే అందరికీ దిక్కు. నువ్వు సెలవుకొచ్చి మూడు సీసాల్లో ఆ నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేసి, నాలుగు పేజీల రిపోర్టు తెచ్చావు. ఫ్లోరైడు లీటరుకి రెండు పాయింట్ ఎనిమిది మిల్లీగ్రాములు, హద్దు ఒకటిన్నర, ఇవి తాగితే పిల్లల పళ్ళు, పెద్దల ఎముకలు పాడవుతాయని నిలబడి చెప్పావు.

సన్యాసిరావు లేచాడు. గార్డుగా రిటైరైన మనిషి, గొంతు ఇంకా బ్రేక్‌వ్యాన్ లోంచి అరుస్తున్నట్టే ఉంటుంది. "ఈ నీళ్ళు తాగే డెబ్బై ఏళ్ళొచ్చినాయి నాకు. ఏటయింది? గుండులాగున్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. నీ మొహం ఎర్రబడింది. "అంకుల్, ఆప్‌కో కుఛ్ పతా నహీ హై. తెలియకపోతే తెలిసినవాళ్ళ మాట వినాలి" అన్నావు. అతను ఊరుకుంటాడా? "అచ్ఛా. మాకేటీ తెల్దు. ఓటు మాత్రం ఉన్నాది" అన్నాడు. నువ్వు సీసాలు సంచిలో పడేసుకుని విసురుగా వెళ్ళిపోయావు. తర్వాత చేతులెత్తించాను. ఇంటికొక ఓటు లెక్కన నీ వైపు తొమ్మిది, అటు ముప్ఫై నాలుగు. అది విని ఆ సాయంత్రమే బండెక్కేశావు. ఇంతవరకూ నీకు తెలిసిందే.

తెలియనిది అప్పలనర్సమ్మ సంగతి. మన మూడో ఇంటి అత్తే. వాళ్ళాయన కీమాన్‌గా చేసి పోయాడు, రోజూ సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట మైళ్ళు నడిచి, వదులైనచోట బిగించే పని. ఆవిడకి అక్షరం ముక్క రాదు, పెన్షన్ కాగితం మీద నేటికీ వేలిముద్రే. మే నెలలో నీకు వ్యతిరేకంగా ఆవిడ రెండు చేతులూ ఎత్తింది. ఇంటికొకటే అప్పా అని నేనే ఒక చెయ్యి దింపించాను.

జూలై నెలాఖర్లో ఒకరోజు పొద్దున్న మీ అమ్మ మెయిన్ రోడ్డు మునిసిపల్ కుళాయి దగ్గర్నుంచి రెండు కేన్లు మోసుకొస్తుంటే ఎదురుపడింది.

"ఓలమ్మ నీలవేణీ, ఇంటి ముందర కుళాయెట్టుకుని ఈ మోతేటి?"

"నా కూతురు వద్దంది, నాను మానీసినాను. మీరంతా బోరు మీద ఓటేసుకున్నారు గానీ నా పీక మీద వెయ్యలేదు కదా" అంది మీ అమ్మ.

"మరి తమ్ముడో?"

"ఆయనకి పంతం. ఆ నీళ్ళే తాగతన్నారు."

అప్పలనర్సమ్మ తిన్నగా మనింటికొచ్చి గుమ్మంలో నిలబడింది. "తమ్ముడా, కూతురి మాట నమ్మక తాగతన్నావా, నమ్మీ తాగతన్నావా?" అని అడిగింది. నీ పని నువ్వు చూసుకో అప్పా అని విసుక్కున్నాను. ఆవిడ తన పనే చూసుకుంది తల్లీ, నాకన్నా బాగా చూసుకుంది.

మరుసటి వారం మూడు సీసాలు సంచిలో వేసుకుని, షేర్ ఆటోలు మారి కోనిలో యూనివర్సిటీకి వెళ్ళింది. నీతో చదివి అక్కడే పరిశోధన చేస్తున్న రాజశ్రీ ఉందే, ఆ పిల్లని అడుగుతూ అడుగుతూ పట్టుకుంది. ఒక సీసా మూతకి ఎర్రదారం, ఒకదానికి పచ్చదారం, మూడోదానికి ఏమీ లేదు. "ఏ నీళ్ళు ఎక్కడివో నాను సెప్పను. నువ్వు సూసి సెప్పాల" అందట. రాజశ్రీ నవ్వి, మా మీద నమ్మకం లేదా అత్తా అంటే, "నమ్మకపోడం కాదమ్మీ. మా ఆయన బిగించిన కీ మీద గ్యాంగు మేట్ వచ్చి మళ్ళీ సుత్తేసి కొట్టి సూసీవోడు. మా ఆయనేటీ అలిగీవోడు కాదు" అందట. ఈ మాటలు రాజశ్రీయే నాకు ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ మురిసిపోయింది.

నాలుగు రోజులకి ఆవిడ మళ్ళీ వెళ్ళి ఫలితం విని వచ్చింది. ఎర్రదారం, పచ్చదారం రెండింటికీ ఒకే అంకె, నీ అంకె. దారం లేనిది హాయిగా తాగొచ్చు. మన వరండాలో కూలబడి చెమట తుడుచుకుంటూ, "ఎర్రదీ పచ్చదీ రెండూ మన బోరువే తమ్ముడా. ఆ పిల్లకా సంగతి తెల్దు. అయినా ఒక్కలాగే సెప్పినాది. గాలికి సెప్పీదయితే రెండు రకాలుగా సెప్పీసును. దారం లేంది మెయిన్ రోడ్డుది" అంది.

స్వాతీ, నేను ముప్ఫై ఆరేళ్ళు ఇంజన్ నడిపినవాణ్ణి, నాకీ బుద్ధి పుట్టలేదు. నువ్వు చదివిన చదువులో ఈ ఉపాయానికి ఏదో పేరుండే ఉంటుంది. ఆవిడకి పేరు తెలియదు, పని తెలిసింది. ఆ వయసులో, ఆ వానల్లో, ఎవరూ పంపకుండా తనంతట తాను వెళ్ళింది. తను ఎత్తిన చెయ్యి తప్పేమోనన్న అనుమానంతో అంత దూరం పోయిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆవేళ ఆవిడకి దండం పెట్టాలనిపించింది, మొహమాటపడి మజ్జిగిచ్చాను.

మజ్జిగ తాగి, "ఇప్పుడు నీ కూతురిచ్చిన కాగితాలు తీసి సదువు" అంది. చదివాను. అక్కడ మా ఇద్దరి మధ్యా ఒక మాట జరిగింది. అది చివర రాస్తాను. ఇక్కడే రాస్తే మిగతాది చదవకుండా చించి పారేస్తావు, నీ కోపం నా దగ్గర్నుంచి వచ్చిందేగా.

"ఈ మిల్లీగ్రాములూ అవీ మాకెక్కవు" అంది తర్వాత. "నువ్వు ఇంజను మీదున్నప్పుడు ముందర లైను బాగోలేకపోతే నీకెలగ తెలిసీది?"

"కాషన్ ఆర్డర్ ఇచ్చేవారు అప్పా."

"అలగే రాయి మరి."

కాషన్ ఆర్డర్ నువ్వు చిన్నప్పుడు నా పెట్టెలో చూసే ఉంటావు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా లైను బలహీనం, ఇంత వేగం మించొద్దు అని ఇచ్చే కాగితం. నేనూ గార్డూ సంతకం పెట్టి తీసుకోవాలి. సీపత్ బొగ్గు బండి, వెనకాల వేల టన్నులు, దాన్ని ఆ చిన్న కాగితం చూసి మెల్లగా నడిపేవాణ్ణి. రాసిన ఇంజనీరు మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అంటే తెలిసినవాళ్ళని నమ్మడం మా సందులో ఎవరికీ చేతకాదని కాదమ్మా, ఆ కాగితం మీదే మా అందరి బతుకూ గడిచింది. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఎంత, ఎప్పటివరకు అన్నది అందులో ఉండేది. పైగా ఆ ఇంజనీరు కన్నా ముందు ఆ పట్టాని చూసింది అప్పలనర్సమ్మ మొగుడి లాంటి కీమానే.

నీదీ ఒప్పే. చేతులెత్తితే ఫ్లోరైడు దిగదు. ముప్ఫై నాలుగు ఇళ్ళు కాదన్నా అది రెండు పాయింట్ ఎనిమిది దగ్గరే కూర్చుంది. ఆ విషయంలో ఓటుకి పని లేదు, నీ మాటే ఆఖరు. కానీ ఆ అంకె విన్నాక మన సందు ఏం చెయ్యాలన్నది మాత్రం సందువాళ్ళే తేల్చుకోవాలి కదా.

నిన్న ఆదివారం మళ్ళీ మీటింగు పెట్టాం. నేను రాసిన కాగితం ఇది. బోరు నీరు తాగడానికి, వంటకి ఆపాలి. స్నానానికి, బట్టలకి, మొక్కలకి ఎప్పటిలాగే. మెయిన్ రోడ్డు నుంచి మునిసిపల్ లైను వచ్చేవరకు. చూసినవారు స్వాతి, నాగ్‌పూర్. మళ్ళీ చూసినవారు రాజశ్రీ, కోని. సీసాలు పట్టుకెళ్ళినవారు అప్పలనర్సమ్మ, పక్కన వేలిముద్ర. సన్యాసిరావు అలవాటుగా మళ్ళీ డెబ్బై ఏళ్ళ పాట మొదలుపెట్టాడు. అప్పలనర్సమ్మ అడ్డుపడింది.

"బోరుకి పదకొండేళ్ళు మావా. నీకు డెబ్బై. మిగతా యాభైతొమ్మిదేళ్ళూ ఏ నీళ్ళు తాగినావేటి?"

షెడ్డంతా ఘొల్లుమంది. అతను కూడా నవ్వేశాడు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం పైనుంచి కిందికి చదివి, "టీకి కూడా వద్దా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, వద్దంటే నిట్టూర్చి, "గార్డు సంతకం ఎక్కడెయ్యాల?" అన్నాడు. తర్వాత వరసగా నలభై ఒక్క ఇళ్ళు సంతకం పెట్టాయి. రెండిళ్ళు పెట్టలేదు. వాళ్ళతో కూడా మాట్లాడతాం.

ఇప్పుడు ఆ మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మే నెలలో నువ్వు వెళ్ళిపోయాక నేను ఓటుకి పెట్టింది ఏమిటో నీకెవరూ చెప్పలేదు. "బోరు మూసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. నీ రిపోర్టులో మూసెయ్యమని ఎక్కడా లేదు. మూడో పేజీలో, అందరికీ అర్థం కావాలని నువ్వు హిందీలో కూడా రాయించావు, తాగడానికి, వంటకి మాత్రమే వద్దని, మిగతా అన్నిటికీ వాడుకోవచ్చని. దాన్ని నేను ముందురోజే చదివాను. రెండుసార్లు చదివాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వచ్చాను. మే నెల ఎండలో, ఉన్న ఒక్క బోరూ మూసేద్దామా అని అడిగితే ఎంత చదువుకున్నవాడైనా చెయ్యెత్తుతాడా చెప్పు? అలా అడిగితే నువ్వు ఓడిపోతావని తెలిసే అడిగాను.

ఎందుకంటే ఆ బోరు నాది. కొబ్బరికాయ కొట్టింది నేను. త్రినాథరావు వేయించిన నీళ్ళు చక్కెరలా ఉన్నాయని పదకొండేళ్ళుగా ఆ సందులో నాకు పేరు. నా కూతురే వచ్చి పదిమందిలో అవి పనికిరావంటే తల కొట్టేసినట్టయింది. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గుకే ఆ నీళ్ళు తాగుతూ కూర్చున్నాను, మీ అమ్మ దాన్ని పంతమనుకుంది.

అప్పలనర్సమ్మకి ఆ మూడో పేజీ చివరిదాకా చదివి వినిపించాను. "ఆవేళ మమ్మల్నడిగింది ఇది కాదు కదా తమ్ముడా" అంది. అరవలేదు, తిట్టలేదు. "ఆదివారం మీటింగెట్టు. ఈ మాట నువ్వే అందరికీ సెప్పు. నాను సెప్తే సాడీ అవుద్ది" అని లేచి వెళ్ళింది.

సంతకాలయ్యాక చెప్పాను. ముందే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు. చిన్నతల్లి, ఎదురింటి పిల్లే, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆ పాపకి ఆరేళ్ళు, ముందుపళ్ళ మీద సుద్ద మచ్చలు, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. "ముందే సెప్తే మూడు నెల్ల కిందటే మానిపించీద్దును కదా మావయ్యా. దీనికింకా పళ్ళొస్తన్నాయి" అంది. ఆ పిల్ల కూడా మేలో నీకు వ్యతిరేకంగానే చెయ్యెత్తింది, నేను అడిగిన ప్రశ్నకి. నేను తలెత్తలేకపోయాను స్వాతీ.

నేను ప్రెసిడెంటుగా ఉండొద్దన్నది సన్యాసిరావు. అప్పలనర్సమ్మ ఉండాలన్నది అతనే. ఇంటికొక ఓటు అన్నారు. నేను చెయ్యెత్తబోతుంటే మీ అమ్మ నా చెయ్యి కిందికి లాగి, "మా ఇంటి ఓటు ఈవేళ నాది" అని తన చెయ్యెత్తింది. నలభై మూడుకి నలభై మూడు. అవమానంగా ఉంటుందనుకున్నాను. నిజం చెప్పనా, మూడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

కొత్త ప్రెసిడెంటు గారి మొదటి ఆర్డరు ఏమిటంటే, రాసే పని నాదే, కానీ ఏ కాగితమైనా నేనొకసారి, చిన్నతల్లి ఒకసారి, ఇద్దరం విడివిడిగా చదివి వినిపించాలి. రెండూ ఒకలా ఉంటేనే వేలిముద్ర వేస్తుంది. నిన్ననే మునిసిపల్ లైను అర్జీ మీద ఆ పద్ధతి మొదలైంది, నాకు చెమటలు పట్టాయి.

పదో తరగతి పాసైనవాళ్ళకే ఓటన్నావు. నేను పాసయ్యాను తల్లీ, పైన ఐటీఐ కూడా చేశాను. నీ పద్ధతి ప్రకారం సందులో మొదటి ఓటు నాకే వస్తుంది. అప్పలనర్సమ్మకి రాదు.

నీ ఉత్తరం చివరి వాక్యాలకి జవాబు మిగిలిపోయింది. "వాళ్ళకి నిజం అక్కర్లేదు. వాళ్ళ మాట నెగ్గితే చాలు. పిల్లలు ఏమైపోయినా వాళ్ళకి పట్టదు" అని రాశావు. 'వాళ్ళు' అని ఉన్న ప్రతిచోటా 'నాన్న' అని పెట్టి ఈ పొద్దున్న మళ్ళీ చదువుకున్నాను. ఒక్క ముక్క కూడా తప్పు లేదు. నువ్వూ ఒకసారి అలాగే చదువు. చదివి, వాళ్ళ మీద ఉన్న కోపం అంతా నా మీదికి తిప్పుకో.

ఇట్లు,
సందుకి మాజీ ప్రెసిడెంటు, నీకు మాత్రం
నాన్న,
త్రినాథరావు